పొద్దున తీసిన కొలత

పొద్దున పూట కొలతలివ్వడానికి ఎవరొచ్చినా మేస్త్రి వెనక్కి పంపేసేవాడు. "సాయంత్రం రండి" అనేవాడు, చేతిలో పని ఆపకుండానే. "రాత్రంతా పడుకుని లేచిన పాదం చిన్నగా ఉంటుందండీ. రోజంతా నిలబడి, తిరిగి, కాస్త ఉబ్బాక కనిపించేదే అసలు పాదం. బూటు దానికి కుట్టాలి." ఒకసారి కారులో వచ్చిన పెద్ద వకీలుని కూడా అలాగే పంపేశాడు. వకీలు విసుక్కుంటూ వెళ్ళాడు కానీ సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈ సంగతి మేస్త్రి చాలామందికి చెప్పాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు.

గడియారాలు బాగుచేసే కొట్టుకీ జిరాక్సు షాపుకీ మధ్యనున్న సన్నటి గది అతని దుకాణం. ముందు భాగంలో అతను కూర్చునేవాడు. అడ్డుతెర వెనక కుట్టుమిషను దగ్గర భార్య. తోలు కత్తిరించడం, చెక్క అచ్చు మీద బిగించడం, కింద అడుగుతోలు వేయడం అతని పని. పైతోలు ముక్కల్ని కలిపి కుట్టడం ఆమె పని. బూటు చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందుగా వేలు పెట్టి తడిమి చూసేది ఆ కుట్టునే. మెచ్చుకోలు మాత్రం తెరకు ఇవతలే ఆగిపోయేది.

ఆమె కాళ్ళకి ఎప్పుడూ ఎవరో చేయించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన జోళ్ళే. వదులైతే లోపల అట్టముక్క వేసుకునేది. బిగుతైతే మడమ దగ్గర తొక్కి నడిచేది. అదొక లోటని ఆమె ఎన్నడూ అనలేదు. అతనికీ తోచలేదు.

తెర వెనక ఒక చిన్న టీవీ ఉండేది. మిషను చప్పుడులో ఏదీ వినబడదు కాబట్టి ఆమె జంతువుల కార్యక్రమాలే పెట్టుకునేది. "వాటికి మాటలక్కర్లేదుగా" అనేది. అన్నిటిలోకీ ఆమెకి జిరాఫీ అంటే ఇష్టం. అది పరుగెత్తడం కాదు, నీళ్ళు తాగడం.

"అంత మెడ పెట్టుకుని నీళ్ళు అందవటండీ దానికి! ముందుకాళ్ళు రెండూ ఇంతింత దూరం చాపి అప్పుడు వంగుతుంది. చూస్తుంటే ఎక్కడ జారిపడుతుందోనని నాకు గుండె దడ. ఎప్పటికైనా ఎదురుగా చూడాలి."

"ఊఁ" అనేవాడు మేస్త్రి.

దుకాణం దగ్గరి పార్కులో పొద్దున్నే నడిచే బృందం ఒకటుంది. వాళ్ళందరి బూట్లూ మేస్త్రి కుట్టినవే. ఆ బృందానికి పెద్ద, బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన ఒకాయన. ఇప్పటికీ మెడలో విజిలు వేసుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ విజిలాయన అంటారు. ఒక ఏడాది వాళ్ళంతా కలిసి ఆఫ్రికా సఫారీకి వెళ్దామనుకున్నారు. అన్నీ కుదిరాక ఒక జంట మోకాలి ఆపరేషనని తప్పుకున్నారు. విజిలాయన దుకాణానికొచ్చి, "మేస్త్రీ, రెండు చోట్లు ఖాళీ. మా అందరి కాళ్ళూ నడిపించేది నువ్వేగా, నువ్వూ రా" అన్నాడు.

మేస్త్రి నవ్వేసి ఏదో సాకు చెప్పబోయాడు. తెర వెనక మిషను ఆగింది. కుట్టు మధ్యలో అది ఆగడం అరుదు. అతను వస్తామన్నాడు. దాచిన డబ్బు దీనికే పోవడంతో కొత్త మిషను కొనే సంగతి ఇంకొన్నాళ్ళు వాయిదా పడింది.

"ఒక రోజు పొద్దున్నే తుపాకీ గైడుతో ఏటి ఒడ్డుకి కాలినడకన తీసుకెళ్తారట" అన్నాడు విజిలాయన, తెరవైపు తిరిగి గొంతు పెంచి. "వింటున్నావా అమ్మా? నీ జిరాఫీలు నీళ్ళకొచ్చేది అక్కడికే. జీపులు అక్కడికి పోవు. కాకపోతే అంతా ముళ్ళు. పాదమంతా మూసే బూట్లుంటేనే రానిస్తారు."

అప్పుడనుకున్నాడు మేస్త్రి, భార్యకి ఒక జత కుట్టాలని.

సాయంత్రాలు కుదరలేదు. ప్రయాణానికి ముందు అందరికీ కొత్త బూట్లు కావాల్సొచ్చింది. చివరికొక పొద్దున ఆమె లేచి పొయ్యి మీద పాలు పెడుతుంటే, కాగితం, పెన్సిలు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇప్పుడా? సాయంత్రం కదా తీయాలి?" అంది ఆమె.

"నీ పాదం నాకు తెలీదా? నించో."

ఆమె పాలగిన్నె మీద ఒక కన్నేసి కాగితం మీద నిలబడింది. గీత గీస్తున్నప్పుడే అతనికి తెలుసు, దీనికి బయటగా కొంచెం వదలాలని. వదులుదామనే అనుకున్నాడు. కానీ తోలు అచ్చు మీదికెక్కే సరికి ఆ జత చాలా ముచ్చటగా వస్తోంది. వదులిస్తే ముందు భాగం ముద్దగా తేలుతుంది. పార్కు వాళ్ళంతా చూడబోయేది దాన్నే. గీతకే బిగించాడు.

ఆమె ఇంట్లో తొడుక్కుని నాలుగడుగులు వేసింది. "బాగున్నాయండీ. వేళ్ళ దగ్గర కొంచెం పట్టుకుంటున్నాయేమో."

"కొత్త తోలు. రెండు రోజుల్లో దారికొస్తుంది."

బయల్దేరే రోజున ఆమె ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు సంచిలో పెట్టుకుంటే అతను చూసి తీసేశాడు. "అంతమందిలో ఈ అరిగిపోయిన చెప్పులేంటి? నా పరువు తీస్తావా?"

విమానాశ్రయంలో అందరూ ఆమె కాళ్ళవైపే చూశారు. "ఇన్నాళ్ళకి మా మేస్త్రికి పెళ్ళాం మీద దయ కలిగిందన్నమాట!" అన్నాడు విజిలాయన.

"ఆయన దయ ఎంతో, ఆవిడ కుట్టెంతో మాకు తెలుసులెండి" అంది బృందంలోని మందుల షాపావిడ. ఆవిడ వంగి బూటు అంచు వేలితో తడిమి చూసింది. "మేస్త్రీ, తిరిగొచ్చాక నాకూ ఇలాంటి జతే కావాలి."

"సాయంత్రం రావాలి మరి" అన్నాడు మేస్త్రి.

అందరూ నవ్వారు. అతని భార్య తన బూట్లవైపు చూసుకుంది.

మొదటి విమానంలో వాళ్ళకి మధ్య వరసలో చోటు దొరికింది. మోకాళ్ళు ముందు కుర్చీకి తగిలేవి. ఆ ముందు కుర్చీలో ఆసామి తిండి కాగానే వెనక్కి వాలాడు. ఇక భోజనం పళ్ళేనికీ మేస్త్రి పొట్టకీ మధ్య చెయ్యి కూడా పట్టలేదు. ఎదుటి తెర మీద సముద్రం, సముద్రం మీద ఒక చిన్న విమానం బొమ్మ. ఎంతసేపు చూసినా అది ఉన్నచోటే ఉంది. ఎక్కడో ఒక పసివాడు ఏడుస్తున్నాడు. ఊరుకోబెట్టే ఓపిక కన్నతల్లికి కూడా అయిపోయినట్టుంది.

ఆమె వంగి బూటుతాళ్ళు వదులు చేసుకోబోయింది.

"విప్పకు" అన్నాడు అతను. "ఇక్కడ కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. ఒకసారి విప్పితే మళ్ళీ ఎక్కవు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే వినబడింది. ఏ పాదానికి కొలత తీయాలో అందరికీ చెప్పే మనిషి, ఉబ్బే పాదాన్ని ఉబ్బని బూట్లో ఉంచమంటున్నాడు. ఆమెకీ అది తట్టకుండా ఉండదు. ఇన్నేళ్ళు తెర వెనకనుంచి ఆ పాఠం వింటూనే ఉంది. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. అతను కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు, కాసేపటికి నిజంగానే నిద్రపోయాడు.

మెలకువొచ్చేసరికి ఆమె సీట్లో లేదు. వెనకవైపు మరుగుదొడ్డి వరసలో నిలబడి ఉంది. వరసలో తనవంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళని ముందుకి పంపి మళ్ళీ నిలబడుతోంది. కూర్చోవడం కన్నా అదే నయంగా ఉన్నట్టుంది. ఒక కాలి మీద బరువు మోపి, ఇంకో కాలు కొంచెం పైకెత్తి, కాసేపయ్యాక మార్చుకుంటోంది. అతను చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మధ్యలో విమానం మారే చోట నడక ఎంతకీ తెగలేదు. నేల అద్దంలా ఉంది. విజిలాయన ముందు నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరిగి లెక్క చూసుకుంటున్నాడు. మేస్త్రి భార్య అందరికన్నా వెనకబడింది.

"కాస్త తొందరగా రా" అన్నాడు మేస్త్రి.

"మీరు పదండి, వస్తున్నా."

ఒక కొట్టు ముందు ఆమె ఆగింది. గుమ్మంలోనే ఒక బుట్ట నిండా రబ్బరు చెప్పులు, రంగురంగులవి. ఆమె ఒక జత చేతిలోకి తీసుకుని అతనివైపు చూసింది. అడగలేదు, చూసింది అంతే.

అతను వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "నీకేమైనా మతి ఉందా? బూట్లు కుట్టేవాడి పెళ్ళానివి. నేను కుట్టిచ్చిన జత పక్కన పెట్టి, అందరి ముందూ రబ్బరు చెప్పులు కొనుక్కుంటావా? వాళ్ళేమనుకుంటారు?"

"ఏమనుకుంటారండీ, కాళ్ళు నొప్పెట్టాయనుకుంటారు."

"ఎందుకు నొప్పెట్టాయనుకుంటారు?"

ఆమె చెప్పుల్ని బుట్టలో పెట్టేసింది, ఏ రంగు ఏ రంగు పక్కన ఉందో చూసి మరీ పెట్టింది.

రెండో విమానంలో ఆమె అతన్ని అడక్కుండానే బూట్లు విప్పేసింది. అతను ఈసారి ఏమీ అనలేదు. విమానం నేల మీద ఆగి దీపాలు వెలిగించాక ఆమె వంగి తొడుక్కోబోతే మడమ లోపలికి దిగలేదు. సగం పాదం బయటే ఉండిపోయింది. పక్క వరసలో వాళ్ళు లేచి సంచులు దించుకుంటున్నారు. మేస్త్రి సీట్ల మధ్య ఇరుకులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భోజనంతో ఇచ్చిన చెంచా ఒకటి కింద పడి ఉంటే దాన్ని ఆమె మడమ వెనక పెట్టి, బొటనవేళ్ళతో బూటుని పైకి నెట్టాడు. కొట్లో గిరాకీలకి చేసినట్టే. ఆమె కిటికీ అవతల చీకట్లో మెరుస్తున్న దీపాలవైపు ముఖం తిప్పుకుని, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎక్కింది" అన్నాడు, రెండోది తీసుకుంటూ.

అడవిలో దిగింది గుడ్డ గుడారాల్లో, ప్రతి గుడారానికీ ముందొక చెక్క వరండా. మొదటి రోజులు జీపులో తిరగడమే కాబట్టి ఆమె ఎలాగో నెట్టుకొచ్చింది. జీపులో కూర్చోగానే మడమలు బయటికి లాగేసుకునేది. సింహాన్నీ, ఏనుగుల గుంపునీ చూసినప్పుడు అందరితోపాటు లేచి నిలబడేది, ముందు కడ్డీని పట్టుకుని, బరువంతా చేతుల మీద వేసి. దూరంగా చెట్ల పైన జిరాఫీల తలలు కనిపించాయొకసారి. "ఇవి కావండీ" అంది మేస్త్రితో, కళ్ళు చిన్నవి చేసుకుని. "ఎల్లుండి కదా నడక."

ఆ నడక రోజు ఇంకా ఎండ రాకముందే అందరూ గుడారాల ముందు వరసగా నిలబడ్డారు. గైడు పొడుగాటి మనిషి, భుజాన తుపాకీ. ఒక్కొక్కరి బూట్లూ వంగి చూస్తూ వచ్చాడు. మేస్త్రి కుట్టిన బూట్లన్నిటికీ తల ఊపాడు. మేస్త్రి భార్య దగ్గరికొచ్చి ఆగాడు. బూటు ముందు భాగం మీద బొటనవేలితో నొక్కాడు. నొక్కేటప్పుడు ఎక్కడ నొక్కాలో తెలిసినవాడిలా నొక్కాడు. ఆమె పెదవి కరుచుకుంది కానీ కాలు దానంతటదే వెనక్కి జరిగింది. గైడు బూటు విప్పించాడు. సాక్సు వేళ్ళ దగ్గర ఎండిన నెత్తురుతో గోధుమరంగులో అట్టకట్టి ఉంది. లోపల బొటనవేలి గోరు నల్లబడిపోయింది.

గైడు విజిలాయనతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"ఈ కాళ్ళతో రానివ్వడట" అన్నాడు విజిలాయన. "ఏదైనా వెంటబడితే పరుగెత్తాల్సి రావచ్చంటున్నాడు. బూట్లు ఈవిడకి బాగా చిన్నవట. ఎక్కడ కొన్నారని అడుగుతున్నాడు."

ఎక్కడివో అందరికీ తెలుసు. ఒకరి తరవాత ఒకరు మేస్త్రివైపు తిరిగారు.

"కొలతిచ్చేటప్పుడు వేళ్ళు ముడుచుకుంది" అన్నాడు మేస్త్రి. గొంతు మామూలుగానే ఉంది. "కొంతమంది అంతేనండీ. ఎంత చెప్పినా పాదం వదులుగా పెట్టరు."

ఆమె అతనివైపు చూడలేదు.

"అవును" అంది. "పాలు పొంగిపోతాయేమోనని అటే చూస్తూ నిలబడ్డాను. నాదే పొరపాటు."

"అయ్యో, ఎంత పని చేశావమ్మా!" అన్నాడు విజిలాయన. విజిలు ఊదబోయి, అడవి అని గుర్తొచ్చి ఆపేశాడు. "సరే, నువ్వు కాళ్ళు చాపుకుని విశ్రాంతి తీసుకో. మేస్త్రీ, నువ్వు పదవయ్యా, ఎండెక్కితే అవి వెళ్ళిపోతాయి."

తను ఉండిపోతానని అనడానికి మేస్త్రికి అప్పుడు వీలుంది. అంటే మళ్ళీ అందరూ ఎందుకని అడుగుతారనిపించింది. వరసలో కలిసి నడిచాడు. కొంత దూరం వెళ్ళి వెనక్కి చూస్తే ఆమె వరండా మెట్టు మీద కూర్చుని రెండో బూటు తాళ్ళు విప్పుకుంటోంది.

దారిలో మాట్లాడకుండా నడవాలని గైడు చెప్పాడు. అయినా కొంచెంసేపటికి మందుల షాపావిడ అతని పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది.

"మేస్త్రీ, మీ ఇంట్లో పాలు ఎప్పుడు కాస్తారు?"

అతను రెండడుగులు వేశాక చెప్పాడు. "పొద్దున."

"నేనొకసారి పొద్దున వస్తే మీరు వెనక్కి పంపారు."

"పంపాను."

ఆవిడ ముందుకి నడిచి వేరేవాళ్ళతో కలిసిపోయింది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఏటి ఒడ్డున జిరాఫీలు నిజంగానే వచ్చాయి. ఒకటి నీళ్ళ దాకా నడిచి చాలాసేపు ఊరికే నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. ముందుకాళ్ళు కొంచెం చాపింది, మనసు మార్చుకుని దగ్గరికి లాక్కుంది. మళ్ళీ చాపింది. ఈసారి కొద్దికొద్దిగా, ఒక కాలు తరవాత ఒకటి పక్కకి జరుపుకుంటూ పోయింది. భుజాలు కిందికి దిగాయి, మెడ వంగింది. అంత పెద్ద జంతువు అంత నిస్సహాయంగా కనబడుతుందని అతను అనుకోలేదు. అందరూ ఊపిరి బిగబట్టి ఫోన్లు ఎత్తారు. మేస్త్రి ఫోను జేబులోనే ఉంది. చూడకుండా ఉండలేకపోయాడు, చూస్తున్నందుకు సిగ్గుపడకుండానూ ఉండలేకపోయాడు.

తిరిగొచ్చేసరికి ఆమె వరండాలో కుర్చీ వేసుకుని, వెడల్పాటి బేసిన్లో ఉప్పునీళ్ళలో పాదాలు పెట్టుకుని ఉంది. అందరూ ఆమె చుట్టూ చేరారు. విజిలాయన ఫోను ఆమె ముఖం దగ్గర పెట్టాడు. ఎండలో తెర సరిగా కనబడక ఆమె చెయ్యి అడ్డు పెట్టుకుని చూసింది.

"బాగుందండీ. టీవీలో లాగానే ఉంది" అంది మర్యాదగా.

"ఎదురుగా చూస్తే ఎలా ఉండేదో! ఈసారి కొలతిచ్చేటప్పుడైనా వేళ్ళు ముడుచుకోకమ్మా" అని నవ్వాడు విజిలాయన. ఇంకొకరిద్దరు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ నవ్వు మేస్త్రి చూడలేకపోయాడు.

"ముడుచుకోలేదు" అన్నాడు.

"ఏంటి?"

"తను వేళ్ళు ముడుచుకోలేదు. నేనే పొద్దున కొలత తీశాను. సాయంత్రం తీరిక లేక. చిన్నవవుతాయని తెలుసు. తెలిసే కుట్టాను."

విజిలాయన ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున కొలతకీ సాయంత్రం కొలతకీ తేడా ఏమిటని ఎవరూ అడగలేదు. అక్కడున్న ప్రతివాళ్ళూ ఆ పాఠం విన్నవాళ్ళే. కాసేపటికి ఎవరో టిఫిను చల్లారిపోతుందన్నారు. అందరూ భోజనాల షెడ్డువైపు కదిలారు. మందుల షాపావిడ వెళ్తూ దూది, కట్టు ఆమె ఒళ్ళో పెట్టింది. మేస్త్రితో మాట్లాడలేదు.

ఇద్దరే మిగిలారు. మేస్త్రి ఆమె ఏదైనా మంచిమాట అంటుందేమోనని నిలబడ్డాడు. నిజం చెప్పాక మనసు తేలికపడుతుందని వినడమే కానీ అతనికి అలాంటిదేమీ అనిపించలేదు.

"ఇప్పుడెందుకు చెప్పారు?" అంది ఆమె.

"నిజం చెప్దామని."

"చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. మీ పరువు పోకూడదని నేను నా మీద వేసుకున్నా. పది మంది ముందు అబద్ధమాడాను. ఇప్పుడు మీరు నిజం చెప్పి మంచివారయ్యారు. నేనేమయ్యానండీ?"

మేస్త్రి బేసిన్ పక్కన పడి ఉన్న బూట్లవైపు చూశాడు.

"కాళ్ళ నొప్పిదేముంది, తగ్గుతుంది" అంది ఆమె, నీళ్ళలో పాదాలు కదుపుతూ. "ఆ కొట్టు దగ్గర ఒక్క మాట అన్నారే, వాళ్ళేమనుకుంటారని. నేనేమనుకుంటానో అని ఎప్పుడైనా అనుకున్నారా?"

మేస్త్రి తల వంచుకున్నాడు. షెడ్డులోంచి గిన్నెల చప్పుడు, మాటలు వినబడుతున్నాయి. వాటిలో తన పేరేదైనా ఉందేమోనని చెవి అటే పోతోంది. ఆ సంగతి గమనించుకుని ఇంకా సిగ్గేసింది.

"తాగిందా?" అంది ఆమె.

"ఆఁ?"

"జిరాఫీ. నీళ్ళు తాగిందా?"

"తాగింది."

"ఎలా తాగింది?"

"కాళ్ళు చాపి, వంగి..."

"నోటితో చెబితే నాకేం తెలుస్తుంది? మీరు కళ్ళారా చూసొచ్చారు. చూపించండి."

ఆమె సరదాకి అనడం లేదు. మేస్త్రి షెడ్డువైపు చూశాడు. అది చుట్టూ తెరిచే ఉంది. అందరూ ఇటే ముఖాలు పెట్టుకుని తింటున్నారు. పక్క గుడారం ముందు పరాయి దేశపు జంట ఒకటి కాఫీ తాగుతోంది.

అతను వరండా మధ్యకొచ్చి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎందుకు లాక్కుంది?"

"భయపడింది. మళ్ళీ చాపింది." అతను ఒక కాలు జరిపాడు, తరవాత రెండోది. రోజంతా కూర్చుని పని చేసే మనిషి, తొడలు సాగి పట్టేశాయి. చొక్కా వీపు మీద బిగిసింది. షెడ్డులో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పక్క గుడారం ఆసామి కప్పు కింద పెట్టి ఫోను తీశాడు.

ఆమె నవ్వలేదు. ముందుకి వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది.

మేస్త్రి మెడ వంచాడు. చెవులు వేడెక్కాయి. ఇక లేద్దామని కాళ్ళు దగ్గరికి తీసుకుంటుంటే ఆమె గొంతు వినబడింది.

"అప్పుడే లేవకండి. నీళ్ళు ఇంకా అందలేదుగా. ఇంకా కిందికి."

అతను కాళ్ళు ఇంకొంచెం ఎడంగా జరిపి వంగాడు.